మధుమేహము - భోజన నియమము

భుజించిన అన్నము, రొట్టె, జావ మొదలగు పిండిపదార్థములు జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తమున చేరును. క్లోమగ్రంథి యందు పుట్టు ఇన్సులిన్ ఆ చక్కెరను శరీరము వినియోగించుకొనునట్లు చేయును. మధుమేహమున ఈ పని సక్రమముగా జరుగదు. చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో కన్నులు, మూత్రపిండములు, పాదముల నరములు చెడును.

తీపి మానినంత మాత్రమున భయము లేదని పలువురు తలంతురు. ఇది పొరపాటు. పంచదార ముట్టకున్నను, పళ్ళెము నిండ తెల్లని అన్నము తినినచో రక్తములో చక్కెర పెరుగును. అన్నమునకు బదులు రాగిజావ ఎంతయైన త్రాగవచ్చునను నమ్మకమును సరికాదు. మెత్తగా ఉడికిన జావ శీఘ్రముగా జీర్ణమగును. ధాన్యము మార్చినను కొలత తప్పరాదు.

పళ్ళెములో సగము ఆకుకూరలు, బీర, పొట్ల, కాకర వంటి కూరలు. పావు భాగము పప్పు, గ్రుడ్డు లేక చేప. మిగిలిన పావు భాగము మాత్రమే అన్నము గాని రొట్టె గాని యుండవలెను. బంగాళాదుంప, కంద, చేమలను అన్నపు భాగములోనే లెక్కింపవలెను. పండ్లను రసము తీయక నమిలి తినుట మేలు.

నిత్యము ఒకే వేళకు భుజింపవలెను. ఒక పూట మాని మరియొక పూట రెట్టింపు తినరాదు. ఇన్సులిన్ గాని, కొన్ని మాత్రలు గాని వాడువారు భోజనము మానినచో చక్కెర ప్రమాదకరముగా తగ్గవచ్చును. కావున ఏకాదశి, రంజాను ఉపవాసములకు ముందే వైద్యుని సలహా పొందవలెను. చెమట, వణుకు, తలతిరుగుడు కలిగినచో వెంటనే 3 టీ చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగవలెను. 15 నిమిషములలో నెమ్మదింపనిచో మరల త్రాగి వైద్యుని చేరవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక, తక్షణమే ఆసుపత్రికి తరలింపవలెను.

ఈ భోజనము ఇంటిల్లిపాదికిని హితము. అందరును ఇట్లే భుజించినచో రోగికి వేరు వంట అవసరముండదు.