కుదురు

బాలలారా! మన పల్లెలలో కుమ్మరులు చేయు నీళ్ళకుండలను మీరు చూచియుందురు. వాని అడుగు గుండ్రముగా నుండును. అట్టి కుండను చదునైన గచ్చుమీద నుంచినచో అది ఒక్క చోటనే నేలను తాకును. కొంచెము చేయి తగిలినను ఒరిగిపోవును. అందుచేత గృహిణులు వరిగడ్డిని మెలిపెట్టి, చక్రమువలె చుట్టి, దానిపై కుండను నిలుపుదురు. ఆ చక్రమునకు కుదురు అని పేరు. బిందెను తలపై మోయు స్త్రీలు గుడ్డను చుట్టి పెట్టుకొను చుట్టకుదురును అట్టిదే. ఒక్క బిందువున నిలువలేని కుండ, ఒక వలయము పొడుగునను ఆధారము దొరకగానే నిశ్చలముగా నిలుచును.

చలింపక యుండు గుణమునకు కూడ తెలుగున కుదురు అనియే పేరు. "కుదురుగా కూర్చుండుము" అని పెద్దలు పిల్లలను మందలించునపుడు వాడు మాట యిదియే. ఈ కుదురు కుండలకు మాత్రమే గాక, నేటి కర్మాగారములలో ఒక సూక్ష్మమైన పనికి ఎట్లు ప్రాణమువంటిదైనదో ఈ పాఠమున తెలిసికొందము. ఆ పని వంకరటింకర వస్తువులపై అచ్చు వేయుట.

అచ్చు అనగానే మనకు కాగితము జ్ఞాపకము వచ్చును. కాగితము చదునైనది, పరచినచోట పడియుండును. వస్త్రమును అట్టిదే. కృష్ణా జిల్లాలోని పెడనలో కలంకారీ అద్దకమువారు బల్లపై మెత్తని గుడ్డలు పొరలుగా పరచి, వానిపై వస్త్రమును సాగదీసి పరచి, చెక్క అచ్చులతో అద్దుదురు. క్రింద మెత్తదనము లేనిచో అచ్చులోని కొన్ని గీతలు పడును, కొన్ని పడవు. కాబట్టి చదునైన దానికిని క్రింది ఆధారము ముఖ్యమే. ఇక చదునుగాని వస్తువుల మాట చెప్పవలెనా?

మీ చుట్టును చూడుడు. కలముపై పేరు, విద్యుద్దీపముపై అంకెలు, పింగాణీ గిన్నెపై పువ్వులు, మందుబిళ్ళపై అక్షరములు, ఆటబంతిపై గుర్తు, ప్లాస్టికు బొమ్మకు కన్నులు. ఇవన్నియు అచ్చువేయబడినవే. వీనిలో ఒకటి గుండ్రనిది, ఒకటి కోలగా నుండునది, ఒకటి ఒకవైపు ఉబ్బి మరియొకవైపు పల్లమైనది.

అచ్చు కొంచెము ప్రక్కకు జరిగిన నేమి నష్టమని మీరు అడుగవచ్చును. బొమ్మ కనుపాప అర మిల్లీమీటరు జరిగినచో బొమ్మకు మెల్లకన్ను వచ్చును. అది నవ్వుతో పోవును. కాని మధుమేహరోగులు ఇన్సులిన్ తీసికొను సిరంజిని చూడుడు. ఒక మిల్లీలీటరు పట్టు సిరంజిపై, 100 ప్రమాణముల రకమున, నూరు ప్రమాణముల కొలబద్ద అచ్చువేయబడియుండును. ఆ కొలబద్ద పొడవు ఇంచుమించు 6 సెంటీమీటర్లు. అనగా ఒక్కొక్క ప్రమాణమునకు అర మిల్లీమీటరు కంటె కొంచెము ఎక్కువ చోటు మాత్రమే. అచ్చువేయునపుడు సిరంజి ఆ మాత్రము జరిగినను, ప్రతి మోతాదులోను ఒక ప్రమాణము తప్పు వచ్చును. పెద్దవారికి అది స్వల్పము కావచ్చును. కొలది ప్రమాణములు మాత్రమే తీసికొను పసిబిడ్డకు అది స్వల్పము కాదు. మందు తక్కువైన రక్తమున చక్కెర పెరుగును. ఎక్కువైన చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. గీత సరిగా నున్నదని నమ్మియే తల్లి ఆ సూదిని చేతబట్టును. ఆ నమ్మకమును నిలుపునది, అచ్చు పడిన క్షణమున సిరంజిని కదలనీయక పట్టియుంచిన సాధనము. కార్మికులు ఇట్టి సాధనములను జిగ్గు అనియు, ఫిక్చరు అనియు పిలుతురు. మనము కుదురు అనియే పిలుచుకొందము.

అచ్చువేయునపుడు వస్తువు ఎందుకు కదలును? మొదట, అచ్చు దానిని క్రిందికి నొక్కును. ఉపరితలము వాలుగా నున్నచో ఆ నొక్కుడులో కొంతభాగము ప్రక్కకు త్రోయును; వస్తువు జారును, లేదా దొర్లును. పిమ్మట, సిరా జిగట గలది గనుక అచ్చు పైకి లేచునపుడు వస్తువును తనతో లాగును. తేలికయైన వస్తువు ఒక్కొక్కప్పుడు అచ్చునకు అంటుకొని పైకి లేచిపోవును కూడ. కావున మంచి కుదురు నొక్కుడును ఓర్చుకొనవలెను, త్రోపుడును ఓర్చుకొనవలెను, లాగుడును ఓర్చుకొనవలెను.

ఒక వస్తువును సంపూర్ణముగా నిలుపుటకు ఎన్ని ఆధారములు కావలెను? ఆకాశమున వ్రేలాడు ఒక పెట్టెను ఊహింపుడు. అది ముందు వెనుకలకు, కుడి యెడమలకు, క్రిందు మీదులకు జరుగగలదు. ఇవి మూడు. ఈ మూడు దిశలను ఇరుసులుగా చేసికొని మూడు విధముల తిరుగగలదు. మొత్తము ఆరు విధముల చలనము. ఈ ఆరింటిని ఆపినచో వస్తువు నిలిచినట్లే.

ఇందులకు యంత్రశిల్పులు పాటించు సూత్రము మూడు, రెండు, ఒకటి అనునది. వస్తువు క్రింద మూడు మొనలు నిలుపుదురు. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడ ఊగకుండుటను మీరు ఎరుగుదురు. మూడు బిందువులు ఎప్పుడును ఒకే తలమున ఉండుటయే దీనికి కారణము. నాలుగుకాళ్ళ కుర్చీయైనచో ఒక కాలు గాలిలో నుండవచ్చును. ఈ మూడు మొనలు వస్తువు క్రిందికి దిగుటను, రెండు దిక్కులకు ఒరగుటను ఆపును. ఒక ప్రక్కన రెండు మొనలు పెట్టినచో అటు జరుగుటయు, బల్లపై గిరగిర తిరుగుటయు ఆగును. చివర నొక మొన పెట్టినచో మిగిలిన జరుగుడు ఆగును. ఇక పైనుండియు, ఎదుటి ప్రక్కలనుండియు మెల్లగా బిగించి, వస్తువు ఈ ఆరు మొనలను విడువకుండ చేసిన చాలును. ఏడవ మొన పెట్టినచో లాభము లేకపోగా, నాలుగవ కాలు కుర్చీని ఊపినట్లు అది వస్తువును ఊపును.

అయితే పలుచని ప్లాస్టికు వస్తువును మొనలపై నిలిపి నొక్కినచో అది మధ్యలో వంగును. వంకరవస్తువునకు మొనలు ఎక్కడ ఆనవలెనో నిర్ణయించుటయు కష్టము. అప్పుడు వస్తువు ఆకారముననే గుంటగల పాన్పును తయారుచేయుదురు. వస్తువునకు నూనె పూసి, కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో సగమువరకు దింపుదురు. కొన్ని నిమిషములలో ఆ ముద్ద గట్టిపడును. వస్తువును పైకి తీయగా దాని ఆకారమే గుంటగా మిగులును. మరల అదే అచ్చున పోసిన మరియొక వస్తువును అందుంచినచో చేతికి చేతితొడుగు అమరినట్లు అమరును. ఇందొక మెలకువ కలదు. వస్తువును దాని మిక్కిలి వెడల్పైన నడుముకంటె లోతుగా దింపరాదు. నడుము దాటి దింపిన మామిడికాయ, ముద్ద గట్టిపడిన పిదప పైకి రాదు; పాన్పు పగులవలెను, లేదా కాయ చితుకవలెను. నేడు కర్మాగారములలో ఈ పాన్పులను సిలికోను రబ్బరుతోను, రెజినుతోను పోయుదురు. వస్తువు కొలతలను కంప్యూటరునకు ఎక్కించి త్రీడీ ముద్రణయంత్రముతోను తీయుదురు.

మన స్వర్ణకారులు ఈ విద్యను వేరొక విధముగ ఎరుగుదురు. నగను చెక్కుటకు ముందు లక్కను వేడిచేసి మెత్తపరచి అందులో నగను అద్దుదురు. బోలునగయైనచో లోపల కూడ లక్క నింపుదురు. చల్లారగానే లక్క గట్టిపడి నగ ప్రతి వంపును పట్టుకొనును. పని ముగిసిన పిదప వేడి తగిలించిన విడిచిపెట్టును. మెత్తనగుట వేడివలన, గట్టియగుట చల్లదనమువలన. అచ్చునకు కాకున్నను, సానపట్టుట మొదలగు పనులలో వంకర లోహభాగములను పట్టుటకు నేటి యంత్రశాలలలో కూడ తక్కువ వేడికే కరగు మిశ్రలోహములను వాడుచుండుట కలదు. లక్క చేసిన పనినే అవియు చేయును.

గాలిచేత కూడ పట్టింపవచ్చును. మన చుట్టునున్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపై ఇంచుమించు ఒక కిలోగ్రాము బరువుతో నొక్కుచున్నది. రబ్బరు గిన్నెలోని గాలిని పీల్చివేసినచో, బయటి గాలియే వస్తువును ఆ గిన్నెకు నొక్కిపట్టును. నున్నని గాజునకు, పింగాణీకి ఇది మేలు. కొబ్బరిచిప్పవంటి గరుకువస్తువునకు పనికిరాదు. సందులగుండ గాలి చొరబడును.

ఒకదానివలె నొకటి ఉండని వస్తువుల మాట యేమి? ఒక మామిడికాయ కొరకు పోసిన పాన్పు మరియొక కాయకు సరిపోదు. ఇందులకు ఇసుకవంటి గింజలు నింపిన రబ్బరు సంచి ఉపాయము. సంచిలో గాలి యున్నంతసేపు గింజలు జారుచు వస్తువు వంపులకు లోబడును. గాలిని పీల్చగానే గింజలు ఒకదానితో నొకటి ఒత్తుకొని రాయివలె బిగియును. గాలి తీసి మూసిన కాఫీపొడి పొట్లము ఇటుకవలె నుండి, కత్తిరించగానే మెత్తబడుటను మీరు చూచియుందురు. 2010వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞులు కాఫీపొడి నింపిన రబ్బరు సంచితోనే పలువిధముల వస్తువులను పట్టి యెత్తగల యంత్రహస్తమును నిర్మించి చూపిరి.

ఇంతవరకు వస్తువును అచ్చునకు లొంగదీయు మార్గములు చెప్పితిమి. అచ్చునే వస్తువునకు లొంగదీయు మార్గమును కలదు. ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున జాన్ సాడ్లరు, గై గ్రీను అను ఇరువురు, చెక్కిన పలకపై సిరా పూసి, దానిని పలుచని కాగితముపైకి దింపి, ఆ తడికాగితమును మట్టిపలకలకు అంటించి బొమ్మ వేయు విద్యను సాధించిరి. 1756వ సంవత్సరము జూలై 27వ తేదీన ఆరు గంటలలో 1200 పలకలకు పైగా అచ్చువేసితిమని వారు ప్రమాణపూర్వకముగా ప్రకటించిరి. కాగితము వంగగలదు గనుక ఇట్టి విద్య గిన్నెలకు, కూజాలకు కూడ ఉపకరించినది.

తరువాతి కాలమున స్విట్జర్లాండులో గడియారపు ముఖములపై అంకెలు వేయుటకు జెలటిన్ దిండ్లు వాడిరి. 1960ల దశకమున జర్మనీలో సిలికోను రబ్బరు దిండ్లు వాడుకలోనికి వచ్చెను. చెక్కిన పలకలోని సిరాను ఈ దిండు అద్దుకొని, వస్తువుపై ఒరిగి, దాని వంపులలో ఒదిగి, సిరాను విడిచి లేచును. పలకపై గీత లోతు మిల్లీమీటరులో నలుబదియవ వంతు మాత్రమే. దిండు ఎంత మెత్తనిదైనను వస్తువు మాత్రము నిశ్చలముగా నుండవలసినదే. రెండు రంగులు వేయవలెనన్న, రెండవమారు వచ్చు దిండునకు వస్తువు సరిగా మొదటి చోటనే కనబడవలెను.

సీసాలవంటి గుండ్రని వాని కుదురు వింతయైనది. అది నిలుపుటతో బాటు తిప్పవలెను. 7 సెంటీమీటర్ల వ్యాసము గల సీసా చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. కావున సీసా ఒకమారు తిరుగునంతలో దానిపైనున్న స్క్రీను సరిగా 22 సెంటీమీటర్లు జరుగవలెను. తక్కువైనను ఎక్కువైనను అక్షరములు అలికినట్లగును.

ఈ విషయమును మీరే పరీక్షింపవచ్చును. ఒక బెండకాయను అడ్డముగా కోసి, సిరాలో అద్ది, బల్లపైనున్న నిమ్మకాయపై ఒత్తుడు. కాయ దొర్లును, పువ్వు చెదరును. గుడ్డను చుట్టి దానిపై కాయనుంచి మరల ఒత్తుడు. కొంత నయముగా పడును. పిమ్మట తడి బంకమట్టిలో కాయను నడుమువరకు అదిమి ఒత్తుడు. మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఈ పాఠమంతయు మీకు ఆ మూడు కాయలపై కనబడును.

వస్తువుపై అచ్చును అందరును చూతురు. దానిని పట్టియుంచిన కుదురు వస్తువుతో అంగడికి రాదు, కర్మాగారముననే నిలిచిపోవును. దానిని మలచినవాని పేరు ఎచ్చటను అచ్చుకాదు. అయినను ఆ పనివాడు ఒక మొనను అర మిల్లీమీటరు తప్పుగా నిలిపినచో, ఆ తప్పు వేల సిరంజిలపై ఒకే రీతిగా పడి, వేల యిండ్లకు చేరును. అతడు సరిగా నిలిపినచో ఎవ్వరికిని ఏమియు తెలియదు. బిడ్డకు మాత్రము సరియైన మోతాదు అందును. మీరు ఏ వృత్తిని చేపట్టినను, కంటికి కనబడని భాగమును కూడ ఇట్టి శ్రద్ధతో చేయుడు.

ప్రశ్నలు

1. కుండను కుదురుపై నిలుపుటవలన కలుగు లాభమేమి? కారణము చెప్పుడు.
2. ఇన్సులిన్ సిరంజిపై గీతలు జరిగినచో కలుగు అపాయమును వివరింపుడు.
3. మూడు, రెండు, ఒకటి అను సూత్రము ఏయే చలనములను ఎట్లు ఆపును?
4. వస్తువును ముద్దలో నడుముకంటె లోతుగా దింపరాదనుటకు కారణమేమి?
5. స్వర్ణకారుని లక్కకును, గింజలు నింపిన సంచికిని గల పోలికను, భేదమును వ్రాయుడు.