మొహమాటం లేని బడ్జెట్

పరిశోధక విద్యార్థి జేబులో డబ్బు లేకపోవడం వ్యక్తిత్వ లోపం కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే రాతల్లో చాలా వాటికి పేదరికాన్ని బద్ధకంగా చూసే అలవాటుంది. లెక్కలు చూడండి. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. జేఆర్‌ఎఫ్ రాకుండా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట పీహెచ్‌డీలో చేరితే నాన్‌నెట్ ఫెలోషిప్ 8,000. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవారికి 12,400. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా నెట్టుకొస్తున్నవాళ్లు ఎంతమందో. హైదరాబాద్‌లో నెలకు 8,000తో బతకడమన్నది పొదుపు సూత్రాలతో తీరే సమస్య కాదు. ఆ మొత్తం పెరగాలి. పెంచమని అడుగుతున్న విద్యార్థుల పక్షాన న్యాయముంది.

పెరిగేదాకా బతకాలి కదా. ఆ బతకడంలో విద్యార్థి చేతిలో ఉన్నదేమిటి అన్నదే ఇక్కడి ప్రశ్న. నాకు తోచిన జవాబు ఒక్కటే: మొహమాటం తగ్గించుకోవడం. ఇరుకు బడ్జెట్‌ను ధరలు సగం దెబ్బతీస్తే, మిగతా సగం దెబ్బ మొహమాటానిదే. ఖర్చు పెట్టేటప్పుడు వద్దనలేం. పని చేసినప్పుడు డబ్బులడగలేం. ఇంట్లో నిజం చెప్పలేం. ఆఫీసులో మనకు రావాల్సింది గట్టిగా అడగలేం. నెలాఖరుకు ఇవన్నీ కలిసి అప్పుగా తేలతాయి.

సాయంత్రం ఉస్మానియా క్యాంపస్‌లో టీ దగ్గర ఏం జరుగుతుందో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ఐదారుగురు జూనియర్లు, మధ్యలో ఒక సీనియర్ స్కాలర్. "అన్నా, ఫెలోషిప్ పడ్డదంట గదా, దావత్ ఎప్పుడు?" అని ఒకడంటాడు. ఆ అన్నకు నాలుగు నెలల తర్వాత పడ్డ డబ్బులవి. మెస్ బాకీ, రూమ్మేట్ దగ్గర చేబదులు, ఊళ్లో నాన్న మందుల ఖర్చు అన్నీ అందులోంచే తీరాలి. అయినా "ఇస్త తీయ్‌రా" అంటాడు. ఆ రాత్రి బిర్యానీ బిల్లు కట్టింది ప్రేమతోనే అయినా, మూడో వారానికి అదే అన్న అదే జూనియర్ దగ్గర ఐదొందలు అడగలేక బస్సెక్కడం మానేసి నడుస్తాడు. పెద్దరికం అంటే బిల్లు కట్టడమేనని మనకు ఎవరో నేర్పారు. జూనియర్‌కు నిజంగా కావాల్సింది సినాప్సిస్ ఎలా రాయాలో పక్కన కూర్చుని చూపించే సీనియర్. "ఈసారి అప్పులు తీర్చాల్రా, టీ మాత్రం తాగుదాం, ఎవరిది వాళ్లం ఇచ్చుకుందాం" అని నవ్వుతూ ఒక్కసారి అంటే చాలు. వినడానికి ఇబ్బందిగా ఉండేది ఆ మొదటిసారే. ఆ మాట విని మిగతావాళ్లలో ఇద్దరైనా లోలోపల ఊపిరి పీల్చుకుంటారు, వాళ్ల జేబులూ అలాగే ఉంటాయి కనుక.

వాన రాకడ తెలియనట్టే ఫెలోషిప్ రాకడా తెలియదు. విశ్వవిద్యాలయం ధ్రువీకరించాలి, కాగితం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి కదలాలి. జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారేటప్పుడు ఇంకొంత ఆలస్యం. అందుకే నెలజీతగాళ్ల బడ్జెట్ పద్ధతులు స్కాలర్‌కు పనికిరావు. నాన్‌నెట్ విద్యార్థికి నాలుగు నెలలది ఒక్కసారిగా 32,000 పడిందనుకుందాం. అది గడిచిన నాలుగు నెలల డబ్బు అనిపిస్తుంది, నిజానికి రాబోయే నాలుగు నెలల తిండి అది. తర్వాతిదీ ఆలస్యం కావచ్చు. పడిన రోజే అప్పులు తీర్చేసి, మిగిలిన దాంట్లోంచి మెస్‌కు ముందే కొంత కట్టి, తక్కినది యూపీఐకి తగిలించని ఇంకో ఖాతాలో వేసి, అక్కడి నుంచి నెలకింత అని మీకు మీరే జీతం ఇచ్చుకోండి. ఫోన్‌లో వేలు ఆనిస్తే ఖర్చయ్యే ఖాతాలో 32,000 ఉంచుకుని నిగ్రహం పాటించాలనుకోవడం కష్టం. ఆ కష్టం పడాల్సిన పనే లేదు.

ఇక ఇంటి సంగతి. మొదటి తరం చదువుకున్న ఇళ్లలో పెద్ద యూనివర్సిటీలో చదివే కొడుకో కూతురో ఉద్యోగం చేస్తున్నట్టే లెక్క. "నెలకు ముప్పై ఏడు వేలంట" అని ఊళ్లో అంటారు. చెల్లి పెళ్లి, ఇంటి స్లాబు, వరి కోత కూలీ, అన్నీ అటు చూస్తాయి. పంపడం తప్పని నేననను. పంపకుండా ఉండలేని ఇళ్లున్నాయని తెలుసు. పంపేది ముందే తేల్చి చెప్పండి అంటాను. "అమ్మా, నెలకు ఇంత పంపగలను. ఆలస్యమైన నెల పంపలేను. ఈ డబ్బులు ఐదేళ్లే వస్తాయి, తర్వాత ఆగిపోతాయి" అని ఒకసారి కూర్చుని చెబితే అమ్మకు అర్థమవుతుంది. చెప్పకుండా ప్రతిసారీ అప్పు తెచ్చి పంపేవాళ్ల ఇళ్లలోనే తర్వాత అపార్థాలొస్తాయి. ఆడపిల్లల విషయంలో ఈ మాట ఇంకా ముఖ్యం. డబ్బు ఆగిందని తెలియగానే "చదివింది చాలు, వచ్చేయ్" అనే ఇళ్లుంటాయి. కనుక పరిశోధనకు గడువు ఎంతో కూడా వాళ్లకు చెప్పాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఉన్నాయి. ఇవి హక్కులు, ఎవరి దయా కాదు.

ఖర్చు తగ్గించే దారులు చాలామందికి తెలిసినవే కనుక ముఖ్యమైనవి మాత్రం చెప్పి ముందుకెళ్తాను. పరిశోధన వ్యాసానికి డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసే ముందు మీ లైబ్రేరియన్‌ను అడగండి. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. సిద్ధాంత గ్రంథాలకు శోధగంగ ఉంది, రిఫరెన్సులు సర్దుకోవడానికి జొటెరో ఉచితం. తెలుగు, చరిత్ర చదివేవాళ్లకు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెం సారస్వత నికేతనం ఉండగా అరుదైన పుస్తకాలు కొనుక్కోవాల్సిన అవసరం తక్కువ. కొనక తప్పని వాటికి కోఠి పాత పుస్తకాల కొట్లు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉన్నాయి. నగరంలో తిరిగే రోజు ఐదు రూపాయల భోజనం దగ్గర వరుసలో నిలబడటానికీ సిగ్గుపడకండి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లూ అంతే. అది మన పన్నులతో నడిచే అన్నం, అక్కడ తిన్నంత మాత్రాన స్కాలర్ స్థాయి తగ్గదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కంటింజెన్సీ గ్రాంటు విషయంలో ఇది అక్షరాలా నిజం. జేఆర్‌ఎఫ్‌కు మానవీయ శాస్త్రాల్లో మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తర్వాత 20,500 ఇస్తారు. పుస్తకాలకు, జిరాక్సులకు, ఫీల్డ్‌వర్క్ ప్రయాణాలకు వాడుకోవాల్సిన డబ్బది. బిల్లులు దాచుకోక, దాచుకున్నవి పెట్టక, పెట్టినా వెంటపడక వదిలేసేవాళ్లు చాలామంది. జిరాక్స్ షాపులో రసీదు అడగడానికి మొహమాటపడి సొంత డబ్బు పోగొట్టుకుంటారు. ఒక కవరు పెట్టుకోండి. రసీదు చేతికి రాగానే వెనుక తేదీ, పని రాసి అందులో వేయండి. నెలకోసారి ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

సంపాదన దగ్గర మొహమాటం ఇంకా ఖరీదైనది. తెలుగు రాయగలిగిన స్కాలర్‌కు, ఇంగ్లీషు బాగా వచ్చిన స్కాలర్‌కు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి: "తమ్ముడూ, నాలుగు పేజీలే, కొంచెం తెలుగు చేసిపెట్టు." నాలుగు పేజీలు నలభై అవుతాయి. చివరికి ఒక శాలువా. అనువాదం పని, పనికి కూలి ఉంటుంది. "చేస్తానన్నా. పేజీకి ఇంత తీసుకుంటున్నాను. సగం ముందివ్వండి, శుక్రవారానికి పంపిస్తాను" అని మొదటి ఫోన్‌లోనే అనగలిగితే రెండు లాభాలు. ఇవ్వదలచుకోనివాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇచ్చేవాళ్లు మిమ్మల్ని పనివాడిగా గౌరవిస్తారు. ఉచితంగా చేయదలిస్తే అదీ చేయండి, మీకు నచ్చిన పనికి, మీ ఇష్టంతో. కాదనలేక చేసింది మాత్రం సాయం కిందికి రాదు.

పని ఒప్పుకునే ముందు గంట లెక్క వేయడం నేర్చుకోవాలి. తార్నాకలో ఉండే స్కాలర్ కూకట్‌పల్లిలో నెలకు 3,000కు హోం ట్యూషన్ ఒప్పుకున్నాడనుకుందాం. నెలకు ఇరవై రోజులు, గంట పాఠం, రానూపోనూ గంటన్నర. మొత్తం 50 గంటలు. అంటే గంటకు 60 రూపాయలు, ట్రాఫిక్‌లో పోయిన ఓపిక దానికి అదనం. అదే పాఠం హబ్సిగూడలో నడిచివెళ్లే దూరంలో 2,000కు చెప్పినా లాభమే. ఎక్కువ మొత్తం వినగానే తలూపడం వల్ల థీసిస్ అధ్యాయాలు ఆగిపోయినవాళ్లున్నారు.

నా దృష్టిలో మంచి అదనపు ఆదాయమంటే మీ సబ్జెక్టుకు దగ్గరగా ఉండేది. చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి చదివేవాళ్లకు అశోక్‌నగర్ చుట్టుపక్కల గ్రూప్స్ అభ్యర్థుల జవాబు పత్రాలు దిద్దే పని, ప్రశ్నలు తయారుచేసే పని దొరుకుతాయి. దిద్దుతూ దిద్దుతూ మీ సొంత వాక్యం బాగుపడుతుంది. గణాంకశాస్త్రం వచ్చినవాళ్లు తోటి స్కాలర్లకు డేటా విశ్లేషణ నేర్పి ఫీజు తీసుకోవచ్చు. 2022 నిబంధనలే పీహెచ్‌డీ విద్యార్థికి వారానికి నాలుగు నుంచి ఆరు గంటల బోధన, ప్రయోగశాల పని అప్పగించవచ్చన్నాయి. అది మీ బయోడేటాలో నిలిచే అనుభవం, అడిగి తీసుకోండి. ఒక హెచ్చరిక: జేఆర్‌ఎఫ్ తీసుకుంటూ మరోచోట జీతం తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఏ పనైనా ఒప్పుకునే ముందు మీ గైడ్‌కు చెప్పి, వీలైతే కాగితం మీద అనుమతి తీసుకోండి.

ఒక సంపాదన మాత్రం ఎంత ఇరుకులో ఉన్నా వద్దు. ఇతరుల థీసిస్‌లు, డిసర్టేషన్‌లు డబ్బులకు రాసివ్వడం. ఆ మార్కెట్ పెద్దదని తెలుసు. తెలివైన, పేద స్కాలర్లే దానికి దొరుకుతారనీ తెలుసు. రేపు ఆ రాయించుకున్న వ్యక్తే మీ పక్కన ఇంటర్వ్యూలో కూర్చుంటాడు, మీరు రాసిన పుస్తకం చేతిలో పట్టుకుని. ఇంతకంటే పెద్ద నష్టం మీకు ఎవరూ చేయలేరు, మీరే చేసుకున్నారు.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మన పిల్లలదీ ఇలాంటి చిక్కే. ఎఫ్‌-1 వీసాపై చదివేవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట స్టోర్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో చేతికి నగదు తీసుకుంటూ పనిచేస్తే వీసా హోదాకే ముప్పు. "అందరూ చేస్తున్నార్రా" అని రూమ్మేట్ అన్నప్పుడు కాదనడానికి అక్కడా మొహమాటమే అడ్డం. ప్రొఫెసర్లకు వరుసగా మెయిళ్లు రాసి టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అడగడం నెమ్మదైన దారే కానీ, దొరికితే చాలాచోట్ల ట్యూషన్ ఫీజు భారమూ తగ్గుతుంది.

చేతిలో డబ్బు లేనప్పుడే మోసం దగ్గరికొస్తుంది. టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొడితే డబ్బులిస్తామనేవాళ్లు మొదట వందో రెండొందలో నిజంగానే ఇస్తారు, తర్వాత 'డిపాజిట్' అడుగుతారు. అడిగిన క్షణమే ఆపేయండి, ఇచ్చేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగిందంటే అది రిజర్వ్ బ్యాంకు నిబంధనలు పాటించని యాప్. వాళ్ల వేధింపులకు 2020లో తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. యాప్ తెరిచే ముందు ఒక మనిషికి ఫోన్ చేయండి. రూమ్మేట్, గైడ్, అన్న, అక్క, ఎవరైనా సరే. "నా దగ్గర డబ్బుల్లేవు" అన్న మూడు మాటలు నోరు తెరిచి చెప్పగలగడం పరిశోధక విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి విద్య.

జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపినా ఫెలోషిప్ ఐదేళ్లతో ఆగిపోతుంది. పీహెచ్‌డీ ఆరో ఏడాదిలోకి వెళ్లవచ్చు. ప్రింటింగు, బైండింగు, సబ్మిషన్ ఫీజు, నో డ్యూస్ కోసం కట్టాల్సిన బాకీలు అన్నీ ఆ ఏడాదే మీద పడతాయి. పోస్టాఫీసు ఆర్‌డీ నెలకు 100 రూపాయలతో కూడా మొదలవుతుంది, గడువు సరిగ్గా ఐదేళ్లు. నెలకు 500 వేయగలిగితే చివరికి 30,000 అసలు, పైన వడ్డీ వస్తాయి. మొదటి ఏడాదిలో ఉన్న స్కాలర్లు ఈ వారమే వెళ్లి ఆ ఖాతా తెరవండి.