చెవి యిచ్చిన తీర్పు

అది అమెరికాలో ఒక నాటకశాల. జనము క్రిక్కిరిసి యుండిరి. వేదికపై ఒక గాయని పాడుచుండెను. ఆమె ప్రక్కన కొయ్యపెట్టెలో అమర్చిన ఫోనోగ్రాఫు యంత్రము ఆమె పాటనే వినిపించుచుండెను. ఇంతలో దీపము లాఱిపోయెను. చీకటిలో పాట మాత్రము సాగుచునే యుండెను. దీపములు మరల వెలుగునప్పటికి గాయని లేదు, యంత్రమొక్కటియే పాడుచుండెను! ఆమె ఎప్పుడు ఆపినదో సభలో పెక్కురు కనిపెట్టలేకపోయిరి.

ఇది ఇంద్రజాలము కాదు. 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టిన ఎడిసన్ మహాశయుని సంస్థ, 1915 మొదలు సుమారు పదేండ్లపాటు అమెరికాలోని అనేక పట్టణములలో ఇట్టి నాదపరీక్షలను జరిపెను. తన రికార్డునకును మనుష్యకంఠమునకును భేదము లేదని చాటుటయే దాని ఉద్దేశము.

ఆ రికార్డులను నేడు విన్నవారు విస్తుపోవుదురు. ఆనాడు గాయకులు ఒక పెద్ద బూరలోనికి పాడవలసి యుండెడిది. మైక్రోఫోనుతో రికార్డులు చేయు పద్ధతి 1925లో గాని వాడుకలోనికి రాలేదు. అందుచేత మిక్కిలి మంద్రమైన ధ్వనులును, మిక్కిలి తారమైన ధ్వనులును రికార్డున కెక్కెడివి కావు. అట్టి పాటను నిజమైన గాత్రమని జనులెట్లు నమ్మిరి? వారు అసత్య మాడిరా?

లేదు. ఆ పరీక్షలలో పాడిన అన్నా కేస్ అను గాయని 1972లో, తన వృద్ధాప్యమున, ఆ రహస్యమును వెల్లడించెను. యంత్రము ప్రక్కన నిలిచి, తన గొంతును తగ్గించి, దాని ధ్వనికి సరిపోవునట్లు పాడితినని ఆమె చెప్పెను. యంత్రము మనిషివలె పాడలేదు. మనిషియే యంత్రమువలె పాడెను! పైగా, అంతకంటె మేలైన రికార్డును ఆ శ్రోతలు ఎన్నడును వినియుండలేదు.

ఎడిసనుకు చెవుడు. యంత్రపు కొయ్యను పండ్లతో కఱచిపట్టి, ఎముకల ద్వారా ఆయన పాట వినెడివాడు. అయినను రికార్డులకు పాటలను, గాయకులను తానే ఎంచెడివాడు. కంఠమున కంపము ఆయనకు గిట్టదు. తనకు నచ్చినదే మేలైనదని ఆయన తలచెను. జనుల అభిరుచి వేఱుగా నుండెను. 1929లో ఆ సంస్థ రికార్డుల తయారీని మానుకొనెను. దానికి గల కారణములలో ఇదియు నొకటి.

మన చెవులును మనలను ఏమార్చగలవు. ధ్వనిని తగ్గించినపుడు మంద్రస్వరములు తక్కినవానికంటె ఎక్కువగా మఱుగుపడునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. కావుననే ఒకే పాట కొంచెము బిగ్గరగా మ్రోగినచో నిండుగా తోచును. దుకాణములో బిగ్గరగా మ్రోగిన యంత్రమే మేలైనదని కొనుగోలుదారు భ్రమపడుటకు ఇది యొక కారణము.

1948లో నిమిషమునకు ముప్పదిమూడు చుట్లు తిరుగు పెద్ద రికార్డును, 1982లో సీడీయు వచ్చెను. అప్పటినుండి వాదము తెగలేదు. "నల్లని రికార్డులో ప్రాణమున్న"దని ఒకరు. "సీడీలో స్వచ్ఛత యున్న"దని మఱొకరు. సీడీ ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి దాచును. సెకనుకు ఇరువది మొదలు ఇరువదివేల కంపనములవఱకు గల ధ్వనులనే మనుష్యుని చెవి వినగలదు. ఆ పరిధికి ఈ కొలత చాలును. వయసు మీఱినకొలది తారధ్వనులు వినబడుట తగ్గును. కనుక తాత విన్న పాటయు, మనుమడు విన్న పాటయు ఒక్కటి కాదు. అదియుగాక, బాల్యమున నాటకపద్యములను గ్రామఫోనుపై విన్న వృద్ధునకు ఆ ముల్లు చేయు గరగర కూడ పద్యములో భాగమే. దానిని తీసివేసినచో ఆయనకు ఏదియో లోపించినట్లు తోచును. అది తప్పు కాదు, ప్రేమ.

అయితే నిజమైన తేడా ఉన్నదో లేదో తెలిసికొనుట ఎట్లు? రెండు సాధనములను తెర వెనుక నుంచి, ఒకే పాటను సమానమైన బిగ్గరతో వినిపింపవలెను. ఏది మ్రోగవలెనో ప్రతిసారియు నాణెమెగురవేసి నిర్ణయింపవలెను. పదిమార్లు అడుగగా అయిదుమార్లు సరిగా చెప్పుట గొప్ప కాదు. ఊహించి చెప్పువాడును అంతమాత్రము చెప్పగలడు. తొమ్మిదిమార్లు గాని, పదిమార్లు గాని సరిగా చెప్పినచో, వానికి తేడా తెలియుచున్నదని నమ్మవచ్చును. వట్టి ఊహతో అట్లు చెప్పుట నూఱింట ఒకమారు మాత్రమే జరుగును.

"ఇది నాకు ఇష్టము" అనుటకు సాక్ష్యము అక్కఱలేదు. "ఇది అందఱకును మేలైనది" అనుటకు సాక్ష్యము కావలెను. ఈ రెండు మాటల నడుమ గల భేదము నెఱిగినవాడు తన చెవిని ప్రేమించును. ఎదుటివాని చెవిని గౌరవించును.

ప్రశ్నలు

1. నాదపరీక్షలో జనులు ఏల మోసపోయిరి?
2. తెర వెనుక పరీక్షలో ధ్వని సమానమైన బిగ్గరతో ఏల యుండవలెను?
3. ఇష్టమునకును తీర్పునకును గల భేదమును మీ అనుభవమునుండి ఒక ఉదాహరణముతో వ్రాయుడు.