రోగికి తోడు వచ్చేవారి పడక మూట

బీదవాని పైవస్త్రం కుదువ పెట్టుకున్నవాడు సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇచ్చేయాలని నిర్గమకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపించింది. రాత్రి అతడు కప్పుకునేది అదే గనుక.

చిలమత్తూరు వైపు పల్లెల నుండి రోగిని తీసుకొచ్చేవారు బస్సులు మారి, సామాను మోసుకొని వస్తారు. రోగికి మంచం ఉంటుంది. తోడు వచ్చినవారికి వరండా నేలే పడక. వారు కూడా జబ్బు పడితే రోగిని చూసేదెవరు? చాలామంది ఇంట్లోని పెద్ద బొంతను మూటగట్టుకొని వస్తారు. అది బరువు, తడిస్తే త్వరగా ఆరదు. ఉతకడం కష్టం గనుక గజ్జి ఒకరి నుండి ఒకరికి అంటుకోవడానికి దారి అవుతుంది.

మన గొర్రెల కాపరులను చూడండి. మేత కోసం మందను తోలుకొని ఊళ్లు తిరిగే కురుబ సోదరులకు భుజాన ఉన్న కంబళే పగలు వానకు అడ్డం, రాత్రికి పడక. ఉన్ని పోగుల మధ్య గాలి నిలుస్తుంది. అందుకే కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు.

చలి పైనుండే వస్తుందనుకుంటాం. బండల నేల కూడా ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి రెండు దుప్పట్లుంటే రెండూ కప్పుకోకండి, ఒకటి కింద పరచండి. దాని కింద ప్లాస్టిక్ చాప ఉంటే తేమ రాదు. చాప లేకపోతే పాత వార్తాపత్రికలు నాలుగైదు పొరలు వేసినా మేలే. పురుగుమందుల సంచులు విప్పి కుట్టిన పట్టాలు మాత్రం వద్దే వద్దు. దిండు మోయనక్కరలేదు, మడతపెట్టిన బట్టలు చాలు. వేసవిలో కప్పుకోవడానికి పాత నూలు చీర సరిపోతుంది.

ఎంత బరువు తగ్గించుకున్నా దోమతెరను వదలకండి. మడిస్తే చేతిసంచిలో పడుతుంది. దాని అంచులను చుట్టూ చాప కిందికి దోపాలి. మలేరియా దోమలే కాదు, రాత్రిపూట తిరిగే కట్లపాము కూడా లోపలికి రాలేదు. ఇంటివద్ద నేలమీద, కళ్లంలో పడుకునేవారికీ ఇది అవసరం. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారి లేచాక కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గ్యాసు అని ఊరుకోకండి. కోయడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం చేయకండి. వెంటనే 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

ఇంటికి వెళ్లాక దుప్పట్లు, చీరలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయండి. ఉతకలేని కంబళిని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి వారం రోజులు పక్కన పెడితే గజ్జి పురుగులు చస్తాయి.