ఎముక సర్దే చేయి ఎవరిదో కాగితం మీద ఉండాలి

చందర్లపాడు నుంచి నందిగామ, జగ్గయ్యపేట దాకా ఈ మెట్ట ప్రాంతంలో చాలా ఇళ్లు నడుము బలం మీదే నడుస్తాయి. పత్తి తీతైనా మిరప కోతైనా పొద్దస్తమానం వంగి చేసే పనే. సిమెంటు బస్తా 50 కిలోలు. దాన్ని భుజానికెత్తుకునే హమాలీకి సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే నడుము పట్టేసినా మెడ తిరగకపోయినా మనవాళ్లు ముందు చేత్తో సర్దేవాళ్ల దగ్గరికి వెళతారు, స్కానింగు తర్వాతి మాట. ఊళ్లో బెణుకులు తోమే పెద్దాయన ఉంటాడు, టౌనులో విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు బోర్డు ఉంటుంది, క్షవరం అయ్యాక మెడ విరిచే షాపు ఉంటుంది. ఇప్పుడు వీటికి వెన్నును చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ సెంటర్లు తోడయ్యాయి. వెన్నుపూసలు టకటకా చప్పుడు చేస్తుంటే రోగి నవ్వుతూ లేచి నడిచే వీడియోలు ఫోనులో చూసి, విజయవాడకో హైదరాబాద్‌కో బయల్దేరేవాళ్లు పెరిగారు. ఆ చికిత్స మంచిదా చెడ్డదా అన్నది వైద్యులు తేల్చాల్సిన సంగతి. చట్టం వైపు నుంచి చూస్తే కొత్త రోగి తేల్చుకోవాల్సింది వేరు. తేడా వస్తే జవాబు చెప్పాల్సింది ఎవరో తెలిపే పేరు, అర్హత, రశీదు మొదటి రోజే చేతిలో పడ్డాయా లేదా? అవి ఉంటే మన చట్టాలు రోగికి బాగానే కాపు కాస్తాయి. లేకపోతే ఎంత మంచి చట్టమైనా అక్కరకు రాదు.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయనతో మొదలైంది. ఇవాళ అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ దీనికి లైసెన్సు కావాలి. బ్రిటన్‌లో 1994లో ప్రత్యేక చట్టమే చేశారు. వైద్య నేపథ్యం లేనివాళ్లు ఈ చికిత్స చేయాలంటే కనీసం 4,200 గంటల శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలో పరిస్థితి వేరు. ఎంబీబీఎస్ డాక్టర్లకు జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019 కింద రిజిస్టరు ఉంది. ఆయుర్వేదం, హోమియోపతి వాళ్లకు వాళ్ల కమిషన్లున్నాయి. ఫిజియోథెరపిస్టులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కిందికి వచ్చారు. కైరోప్రాక్టిక్‌కు మాత్రం సొంత కౌన్సిల్ లేదు, ప్రత్యేక చట్టమూ లేదు. దాంతో బోర్డు మీద ఆ పేరు పెట్టుకున్న మనిషి నాలుగైదేళ్లు చదివిన ఫిజియోథెరపిస్టు కావచ్చు, విదేశంలో పట్టా తెచ్చుకున్నవాడు కావచ్చు, కొద్దిరోజుల కోర్సు సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నవాడూ కావచ్చు. బోర్డు చూసి ఎవరెవరో చెప్పలేం. కాబట్టి బల్ల మీద పడుకోకముందే అడగాలి: మీరు ఏం చదివారు, ఏ కౌన్సిల్‌లో నమోదయ్యారు, నంబరెంత? నిజంగా అర్హత ఉన్నవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, నంబరు చెబుతారు.

ఈ చికిత్సను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. పాత నడుము నొప్పికి వెన్నును చేత్తో సర్దే పద్ధతి వ్యాయామం లాంటి ఇతర చికిత్సలతో సమానంగా ఊరటనిస్తుందని పెద్ద పరిశోధనా సమీక్షలు చెబుతున్నాయి. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో నడుము నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గ మార్గాల్లో దీన్నీ చేర్చింది. ఊరట ఉందంటే ఒప్పుకోవాల్సిందే. షుగరు తగ్గిస్తాం, ఉబ్బసం నయం చేస్తాం, జారిన డిస్కును ఒక్క దెబ్బతో లోపలికి తోస్తాం అనే ప్రకటనలకు అలాంటి ఆధారాలు లేవు. అటువంటి తప్పుదారి పట్టించే ప్రకటన మీద వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, రేపు అదే సాక్ష్యం.

మెడ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ వెన్నుపూసల రంధ్రాల్లోంచే పైకి వెళతాయి. మెడను ఒక్కసారిగా తిప్పితే వాటి లోపొర చిరిగి, గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదే, కానీ కట్టుకథ కాదు. 2022లో హైదరాబాద్ న్యూరాలజిస్టు సుధీర్ కుమార్ బయటపెట్టిన ఒక కేసు పత్రికల్లో చాలా రోజులు నడిచింది. బ్యూటీ పార్లర్‌లో తలంటేటప్పుడు మెడ వెనక్కి వాలి ఒక మహిళకు స్ట్రోక్ వచ్చిందని ఆయన చెప్పారు. అక్కడ విరుపు కూడా లేదు, మెడ వాల్చడం ఒక్కటే. 2017లో ఇంగ్లండులోని యార్క్‌లో కైరోప్రాక్టర్ బల్ల మీద మెడ దెబ్బతిని ఒక వృద్ధుడు చనిపోతే, 2019లో అధికారిక మరణ విచారణ జరిగింది. లైసెన్సులున్న దేశంలోనే అలా జరిగింది. మన దగ్గర ఇంకో భయం ఉంది, వెన్నెముక క్షయ. రాత్రిళ్లు నొప్పి, సన్నపాటి జ్వరం, బరువు తగ్గడం ఉన్న మనిషి వెన్ను మీద పిడికిలి పెట్టి నొక్కితే లోపల పుచ్చిన పూస కుంగిపోవచ్చు. కాళ్ల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇక్కడ చట్టపరమైన అంశం ఒకటి గట్టిగా చెబుతాను. ఈ ప్రశ్నలు అడగడం చికిత్స చేసేవాడి బాధ్యత. అడగకుండా చేయి వేశాడంటే నిర్లక్ష్యానికి అదే మొదటి ఆధారం. అందుకే మొదటి రోజు కేసుషీటు రాయించుకుని, దాని ఫోటో తీసుకోవాలి.

తర్వాతది సమ్మతి. వెన్నెముక, సమ్మతి రెండూ కలిసిన కేసు మన హైదరాబాద్‌దే. 1990లో నిమ్స్ ఆసుపత్రికి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలో కణితితో వెళ్లాడు. పరీక్ష కోసం ముక్క తీయడానికి సమ్మతి తీసుకున్నారు, కానీ ఆపరేషన్‌లో కణితినే తొలగించారు. న్యూరోసర్జన్‌ను కలుపుకోలేదు. ఆ కుర్రాడి కాళ్లు రెండూ పడిపోయాయి. 2009 మే 14న సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇవ్వమంది. అంతకు ముందే 2008లో సమీరా కోహ్లీ కేసులో అదే కోర్టు సమ్మతికి అర్థం స్పష్టం చేసింది: ఏం చేయబోతున్నారు, ఎందుకు, ముప్పేమిటి, వేరే దారులేమున్నాయి అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాలి, ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి చెల్లదు. ఇవి ఆపరేషన్ల కేసులే అయినా సూత్రం బల్ల మీది చికిత్సకూ వర్తిస్తుంది. నడుముకని వెళితే చెప్పకుండా మెడ తిప్పడం సమ్మతి లేని పనే. మెడ జోలికి రావద్దని చెప్పే హక్కు మీది, మధ్యలో ఆపమనే హక్కూ మీదే. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి.

సంతకం పెట్టేశాం కదా, ఇక కేసు ఎలా నిలబడుతుందని చాలామంది వెనకాడతారు. సంతకం పెట్టింది సాధారణంగా ఉండే ముప్పుకే, వాళ్ల నిర్లక్ష్యానికి కాదు. ఏం జరిగినా మాకు సంబంధం లేదు అని అచ్చు వేయించినంత మాత్రాన బాధ్యత తీరదు. డాక్టర్ల మీద మరో డాక్టరు సాక్ష్యం చెబుతాడా అన్నది ఇంకో సందేహం. దానికీ హైదరాబాద్ కేసే జవాబు. కిషన్‌రావు, నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ మధ్య కేసులో మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర వినియోగదారుల కమిషన్ కేసు కొట్టేసింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పు తప్పని చెప్పి, జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదనీ, రికార్డులే తప్పును చూపిస్తున్నప్పుడు అవి చాలనీ ఆ తీర్పు సారం. అయితే ఆ రికార్డులు ఉండాలి. నా వాదనంతా తిరిగి అక్కడికే వస్తుంది.

వైద్యం డబ్బు తీసుకుని చేస్తే అది సేవ అనీ, లోపం ఉంటే వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చనీ 1995 నవంబరు 13న వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసేది మాత్రం వినియోగదారుల చట్టంలోకి రాదు. ఈ గీత మన ఊళ్లలో చాలా ముఖ్యం. బెణుకు తోమి, తోచింది ఇవ్వండి అనే పెద్దాయన విషయంలో కేసు నిలబడటం కష్టం. తాంబూలంలో పెట్టిన వంద రూపాయలకు రశీదు ఉండదు. గదికీ బల్లకీ లెక్క కట్టి పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మే సెంటరు మాత్రం నూటికి నూరుపాళ్లు సేవ అమ్ముతోంది. ఫోన్‌పేలో చెల్లిస్తే ఆ వివరమూ సాక్ష్యమే, కానీ చేతిరాతతోనైనా బిల్లు అడిగి తీసుకోండి. ప్యాకేజీ డబ్బంతా ముందే కట్టకండి. మధ్యలో మానేస్తే మిగిలిన సొమ్ము తిరిగి ఇస్తారో లేదో బిల్లు మీదే రాయించుకోండి.

ఇక అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. పుత్తూరు కట్టు తరతరాలుగా ఉంది, లక్షల మంది నడిచి ఇంటికెళ్లారు, సర్జన్ దగ్గర ఆపరేషన్‌కు అప్పు చేయాల్సి వస్తుంది, మీరు పేదవాడి వైద్యం మీద చట్టాన్ని ఉసిగొల్పుతున్నారా అంటారు. ఇందులో ఖర్చు గురించిన బాధ నిజమైనది, దాన్ని తీసిపారేయకూడదు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టిన కట్టు కింద చిన్న విరుగుళ్లు అతుక్కున్నాయనడంలో అబద్ధం లేదు. కానీ బిగుతు కట్టు కింద రక్తం ఆడక వేళ్లు నల్లబడి, కాలో చేయో తీసేయాల్సిన రోగులను ఎముకల వైద్యులు చూస్తూనే ఉన్నారు, వైద్య గ్రంథాల్లో దానికి విడిగా పేరు కూడా ఉంది. పైగా ఊరూరా కనిపించే బోర్డులన్నీ పుత్తూరు నుంచి వచ్చినవి కావు. తరాల అనుభవమే అర్హత అవుతుందా అన్న ప్రశ్న కేరళ పారంపర్య వైద్యుల కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లింది. గుర్తింపు పొందిన అర్హత లేకుండా వైద్య వృత్తి చేయకూడదని 2018లో కోర్టు చెప్పింది. పేదవాడికి తక్కువ ఖర్చు వైద్యం దక్కాలి, సరే. తప్పు జరిగితే అడిగే హక్కు కూడా దక్కాలి కదా. కాలు పోగొట్టుకున్న హమాలీకి పరిహారం రాకపోతే ఆ తక్కువ ఖర్చు ఎవరికి మిగిలింది? కట్టు కట్టించుకుంటే కట్టించుకోండి. ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు తర్వాత వేళ్లు చల్లబడినా, నీలం రంగుకు తిరిగినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకుండా కట్టు విప్పించండి.

శిక్షల సంగతి. మెడికల్ రిజిస్టరులో పేరు లేనివాళ్లు డాక్టరుగా చలామణి అయితే జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షను కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఒక పద్ధతిలో అర్హత ఉన్నవాళ్లు వేరే పద్ధతి వైద్యం చేసినా కోర్టులు సహించవు. హోమియో డాక్టరు అల్లోపతి మందులిచ్చి రోగి చనిపోయిన పూనం వర్మ కేసులో 1996లోనే దాన్ని నేరుగా నిర్లక్ష్యం కింద లెక్కగట్టారు. కాబట్టి మెడ సర్దే ఆయన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తానంటే అక్కడే లేచి వచ్చేయండి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. రిజిస్టరైన డాక్టరుకు మాత్రం రెండేళ్లు. మెడికల్ రిజిస్టరులో లేని చికిత్సకుడికి ఆ వెసులుబాటు వర్తించదు, డిగ్రీ లేని మన ఊరి ఆర్‌ఎంపీకి కూడా వర్తించదు.

కేసు వేయాలంటే ఎక్కడికి వెళ్లాలి? సెంటరు హైదరాబాద్‌లో ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చందర్లపాడు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది కాబట్టి విజయవాడ చాలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు. దెబ్బ తగిలిన వెంటనే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, ఏ చికిత్స తర్వాత ఏం జరిగిందో అక్కడి రికార్డులో రాయించండి. ఆరు నెలల తర్వాత చెప్పిన మాటకు అంత బరువుండదు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇచ్చే ఏర్పాటు 1987 న్యాయసేవల చట్టంలోనే ఉంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఉచిత న్యాయవాది కోసం నందిగామ కోర్టులోని మండల న్యాయసేవా కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు బిల్లు, కేసుషీటు ఫోటో, ఎక్స్‌రే, ఆధార్ జిరాక్సు వెంట తీసుకెళ్లండి.