పెరటి కోళ్ళ పెంపకం: కొత్తగా చేపట్టేవారి ప్రశ్నలు – సమాధానాలు

గ్రామాల్లో భూమి లేని కుటుంబాలకు, ముఖ్యంగా మహిళలకు, పది పదిహేను కోళ్ళు చేతిఖర్చులకు, పిల్లల పౌష్టికాహారానికి ఆధారం. పెట్టుబడి స్వల్పమే అయినా కొక్కెర తెగులు సోకితే కొద్ది రోజుల్లోనే మంద మొత్తం నష్టమయ్యే ప్రమాదం ఉన్నది. ఒకసారి ఇట్లు నష్టపోయిన కుటుంబం మరల కోళ్ళ పెంపకానికి వెనుకాడుతుంది. కొత్తవారి ప్రశ్నలు సాధారణంగా కోడి రకంతో మొదలవుతాయి. నష్టం మాత్రం ఎక్కువగా తొలి ఆరు వారాల పోషణలోను, టీకాల లోపం వలనను కలుగుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ తేడాను గుర్తించి సమాధానమివ్వవలెను.

1. ఏ రకాన్ని ఎంచుకోవలెను?

దేశవాళీ పెట్ట సంవత్సరానికి సుమారు 50–60 గుడ్లు పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా పెరటి పెంపకంలో సుమారు 100–110 గుడ్లు, గ్రామప్రియ సుమారు 160–180 గుడ్లు ఇస్తాయి. మాంసం, గుడ్లు రెండూ కావలసినవారికి వనరాజా, గుడ్లే ముఖ్యమైనవారికి గ్రామప్రియ అనుకూలం.

2. ఈ కోళ్ళ గుడ్లనే పొదిగించి మందను కొనసాగించవచ్చునా?

ఇవి సంకర రకాలు. వీటి గుడ్ల నుండి వచ్చే పిల్లల్లో తల్లిదండ్రుల ఉత్పాదక లక్షణాలు ఒకే రీతిగా నిలువవు. కావున ప్రతిసారి గుర్తింపు పొందిన కేంద్రం నుండే పిల్లలను తెచ్చుకొనవలెను. దేశవాళీ పెట్టకు పొదిగే గుణం బాగా ఉంటుంది. దానిచేత దేశవాళీ పిల్లలను ఇంటివద్దనే 21 రోజుల్లో పొదిగించుకొనవచ్చును.

3. గుడ్లు పెట్టడానికి పుంజు అవసరమా?

తినే గుడ్ల కొరకు పుంజు అవసరం లేదు. పొదిగించే గుడ్ల కొరకు పది పెట్టలకు ఒక పుంజు ఉంటే చాలును.

4. ఒక రోజు పిల్లలను నేరుగా పెరట్లోకి విడువవచ్చునా?

విడువరాదు. తల్లికోడి వెచ్చదనం లేని పిల్లలకు తొలి ఆరు వారాలు ప్రత్యేక పోషణ తప్పనిసరి. పిల్లకు అర చదరపు అడుగు చొప్పున స్థలమిచ్చి, పొడి వరి ఊకను పరచవలెను. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కల్పించి, తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించవలెను. పిల్లలు బల్బు క్రింద గుంపుగా చేరితే వేడి చాలలేదని, దూరంగా పోయి నోరు తెరచి రొప్పితే వేడి ఎక్కువైనదని గ్రహించవలెను. విద్యుత్తు లేనప్పుడు బొగ్గుల కుంపటి వాడవచ్చును గాని, పొగ బయటకు పోయే దారి ఉండవలెను.

5. పెరట్లో తిరిగే కోళ్ళకు మేత ఎంత ఇవ్వవలెను?

పురుగులు, గింజలు, లేత ఆకులు కోళ్ళు స్వయంగా ఏరుకొని తింటాయి. ఇంటిలోని నూకలు, తవుడు, చోళ్ళు సాయంకాలం కొద్దిగా ఇచ్చినచో అవి వేళకు గూటికి చేరే అలవాటు కూడా ఏర్పడుతుంది. గుడ్లు పెట్టే కోళ్ళకు ఆల్చిప్పల పొడి లేదా సున్నపురాయి నలుసులు ఇవ్వనిచో గుడ్డు పెంకు పలుచనవుతుంది. వనరాజా కోళ్ళకు మేత మితిమీరితే బరువు పెరిగి గుడ్లు తగ్గుతాయి; బరువెక్కిన కోడి కుక్కకు, ముంగిసకు సులభంగా చిక్కుతుంది. రాత్రివేళ గాలి ఆడే, గట్టి తలుపు గల గూడు తప్పనిసరి.

6. జబ్బు వచ్చిన తరువాత టీకా వేయవచ్చునా?

కొక్కెర తెగులు వైరస్ వలన కలుగుతుంది. ఆకుపచ్చని పారుడు, శ్వాసలో గురక, మెడ మెలి తిరుగుట, కాళ్ళు రెక్కలు పడిపోవుట దీని లక్షణాలు. దీనికి చికిత్స లేదు. టీకా నివారణకే గాని నయం చేయుటకు కాదు. పిల్లలకు 5–7 రోజుల వయస్సులో లసోటా టీకాను కంటిలో చుక్కగా, నాలుగవ వారంలో మరల ఒకసారి ఇవ్వవలెను. ఎనిమిది వారాలు నిండిన తరువాత ఆర్‌టుబి టీకాను చర్మం క్రింద వేయించవలెను.

7. పది కోళ్ళకు టీకా ఎక్కడ దొరుకుతుంది?

అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. టీకా సీసాలో సాధారణంగా వంద లేక అంతకు మించిన కోళ్ళకు సరిపడు మందు ఉంటుంది. ద్రావకం కలిపిన తరువాత దానిని మంచుపెట్టెలో ఉంచి రెండు గంటల లోపు వాడివేయవలెను; మిగిలినది పనికిరాదు. పది కోళ్ళ కొరకు ఒక సీసా కొనుట ఏ కుటుంబానికీ గిట్టుబాటు కాదు. ఒక ఇంటివారు కొన్నప్పటికీ, పొరుగింటి కోళ్ళలో తెగులు ఉన్నంతకాలం ఊరికి ముప్పు తొలగదు. తెగులు సోకిన కోళ్ళను చవకగా అమ్మివేయుట, చచ్చిన వాటిని దిబ్బపై పారవేయుట వలన అది మరింత వ్యాపిస్తుంది. చచ్చిన కోళ్ళను లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చవలెను.

కావున స్వయం సహాయక సంఘం ద్వారా ఊరిలోని కోళ్ళ లెక్క ముందుగా తీసి, స్థానిక పశువైద్యునితో మాట్లాడి, ఒకే రోజున టీకాలు వేయించుట ఉత్తమం. కోళ్ళు గూళ్ళలోనే ఉండే తెల్లవారుజాము ఇందుకు తగిన సమయం. ఆరు నెలలకొకసారి ఈ కార్యక్రమాన్ని మరల చేపట్టవలెను.

ముగింపు

కోళ్ళను పెంచుట ఇంటి పని, తెగులు నుండి కాపాడుట ఊరి పని. పిల్లలను పంపిణీ చేయుటతోనే విస్తరణ కార్యక్రమం పూర్తి కాదు. పంపిణీకి ముందే టీకాల తేదీలను నిర్ణయించి, వాటిని లబ్ధిదారులకు తెలియజేసినప్పుడే ఆ పిల్లలు గుడ్లు పెట్టే వయస్సుకు చేరగలవు.