పత్రంలో నీ పేరు రాయించుకో

చిక్కపేట, బెంగళూరు



ఉగాది నుంచి మన కన్‌స్ట్రక్షన్ సంస్థ బాధ్యతంతా నీకే అప్పగిస్తున్నానని మీ నాన్న నిన్న వచ్చి చెప్పాడు. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వస్తున్నావట. ఎంత సంతోషించానో చెప్పలేను. అయితే నాన్న నోటిమాట ఒక్కటీ చాలదు తల్లీ. పార్టనర్‌షిప్ పత్రంలో నీ పేరు, నీ వాటా, చెక్కుల మీద సంతకం చేసే అధికారం రాయించుకున్నాకే ఆ కుర్చీలో కూర్చో.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు గారి హయాంలో 1985 నుంచే వచ్చింది. కర్ణాటకలో 1994లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. కానీ పార్టనర్‌షిప్ సంగతి వేరు. కొడుకైనా కూతురైనా పుట్టుకతో భాగస్వామి అయిపోరు. 1932 నాటి చట్టం ప్రకారం, పత్రంలో వేరేలా రాసుకోకపోతే భాగస్వామి పోగానే సంస్థే రద్దవుతుంది. మీ పెదనాన్న పోయినప్పుడు, ఏళ్ల తరబడి లెక్కలు రాసిన నా సంతకం బ్యాంకులో చెల్లలేదు. మీ నాన్న మంచివాడు కాబట్టి నాకు అన్యాయం జరగలేదు. నువ్వు ఎవరి మంచితనం మీదా ఆధారపడకూడదు.

ఈ ఊళ్లోనే బ్రిగేడ్ సంస్థను చూడు. 1986లో ఎం.ఆర్. జైశంకర్ గారు పెట్టారు. 2022లో ఆయన కూతుళ్లలో పవిత్రా శంకర్ మేనేజింగ్ డైరెక్టర్, నిరుపా శంకర్ జాయింట్ మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. ఎవరి పదవి ఏమిటో లోకమంతటికీ తెలిసేలా చెప్పారు. మనది చిన్న సంస్థే కావచ్చు, ఆ పద్ధతి మనకూ కావాలి.

ఇక సైటు. ఆఫీసులో కూర్చుంటే మేస్త్రీలు నీ మాట వినరు. స్లాబు పోసే రోజు తెల్లవారకముందే వెళ్లు. సెంట్రింగు మీద కడ్డీల కింద కవర్ బ్లాకులున్నాయో లేదో వంగి చేత్తో తడిమి చూడు. అవి లేకపోతే కడ్డీ అడుగున తేలి, తుప్పు పట్టి, కొన్నేళ్లకే పెచ్చులూడతాయి. కాంక్రీటు క్యూబులు నీ ఎదుటే పోయించి, వాటి మీద తేదీ నువ్వే రాయి. 7వ రోజు, 28వ రోజు ఫలితాలు ముందు నీ చేతికే రావాలి. పోయడం సులువవుతుందని ఎవరైనా నీళ్లు కలపబోతే అక్కడే ఆపించు. అరవక్కర్లేదు, ఒక్క లారీ వెనక్కి పంపితే చాలు.

మన పేటలో పని మరీ సున్నితం. గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. పునాది తవ్వకముందే పక్కవాళ్లతో కలిసి వాళ్ల గోడల పగుళ్లన్నీ ఫొటోలు తీయించి, రెండు పక్షాల సంతకాలూ పెట్టించు. లేకపోతే ఎప్పటిదో పాత పగులు కూడా నీ ఖాతాలోనే పడుతుంది.

శనివారం బటవాడా ఎవరికీ వదలకు. ఇటుకలు మోసే ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చినా చాలా సైట్లలో ఇప్పటికీ తగ్గించే ఇస్తున్నారు. మన సైట్లలో అది సాగకూడదు. వాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి పని మొదలైన రోజే కట్టించు.

పత్రం పనికి ఆడిటర్ ఎప్పుడు రమ్మన్నాడో రాయి. నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ